క్యూ పక్కన యు లేని మాటల కోసం: జిజివా సాఫ్ట్‌వేర్‌తో ఆరు నెలలు

తార్నాకలోని మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఇంగ్లిషు అక్షరాల బిళ్లలతో మాటలు కూర్చే స్క్రాబుల్ బోర్డు పరచడం రెండేళ్లుగా అలవాటు. ఆ బోర్డు ఆబిడ్స్‌లో ఆదివారంనాడు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పెట్టి అమ్మేచోట దొరికింది. పెట్టెలో 100 బిళ్లలు ఉండాలి గాని 99 మాత్రమే ఉన్నాయి. పోయినది ఏ అక్షరంగానైనా వాడుకోగల రెండు ఖాళీ బిళ్లల్లో ఒకటి. దాని బదులు మామయ్యగారి పాత కోటు గుండీ ఒకటి వాడుతున్నాం. సంచిలో చెయ్యి పెట్టగానే గుండీ అని వేలికి తెలిసిపోతున్నదని దానికి రెండు వైపులా అట్టముక్క చదరంగా కత్తిరించి అతికించాం. దక్షిణ మధ్య రైల్వేలో పనిచేసి రిటైరైన మామయ్యగారు, పదో తరగతి చదువుతున్న మా అక్క కొడుకు, నేను, ఈ ముగ్గురమే ఆటగాళ్లం.

ఒక ఆదివారం పిల్లవాడు మూడు రెట్లు వచ్చే గడిలో జడ్ పెట్టి, దాని పక్కన ఓ పెట్టి, ‘జో’ అన్నాడు. మామయ్యగారు కళ్లజోడు సరిచేసుకుని, "అదేం మాటరా, అర్థం చెప్పు" అన్నారు. వాడు తన ఫోనులోని ఒక పదాల యాప్ తెరిచి, ఆకుపచ్చ గుర్తు చూపించి, "చెల్లుతుంది తాతయ్యా" అన్నాడు. నా ఫోనులో ఉన్న మరో యాప్‌లో నేను అదే మాట కొట్టి చూస్తే ఎర్ర గుర్తు వచ్చింది. రెండు యాప్‌లూ ఏమాత్రం తడబాటు లేకుండా, ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధమైన జవాబులు ఇచ్చాయి. ఆ రోజు ఆట అక్కడే ఆగిపోయింది. ఆ యాప్‌ల పేర్లు ఇక్కడ అవసరం లేదు. అలాంటివి ఫోను దుకాణంలో పదుల సంఖ్యలో ఉన్నాయి, వాటిలో చాలావాటికి ఉన్న లోపం ఒకటే కాబట్టి.

ఆ లోపమేమిటో తెలుసుకోవడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ఇంగ్లిషు పదాల ఆటలకు ప్రపంచంలో ఒకే జాబితా లేదు. అమెరికా, కెనడాలలో పోటీలకు ఒక జాబితా నడుస్తుంది. మన దేశంతో సహా మిగిలిన చాలా దేశాల్లో నిఘంటువులు ప్రచురించే కాలిన్స్ వారి జాబితా నడుస్తుంది. కాలిన్స్ జాబితా పెద్దది: 2019 కూర్పులో 2 లక్షల 79 వేలకు పైగా మాటలున్నాయి. రెండక్షరాల మాటలే అందులో 127 ఉండగా, అప్పటి అమెరికా జాబితాలో 107 ఉన్నాయి. ‘జో’ అంటే టిబెట్ ప్రాంతంలో జడలబర్రెకూ ఆవుకూ పుట్టే సంకర పశువు. ఆ మాట కాలిన్స్‌లో ఉంది, అమెరికా జాబితాలో లేదు. నా యాప్ నన్ను అడగకుండానే అమెరికా జాబితాను పెట్టుకుంది; పిల్లవాడి యాప్ కాలిన్స్‌ను పెట్టుకుంది. ఏ జాబితా చూసి చెబుతున్నదో రెండూ తెర మీద చూపలేదు. తీర్పు చెప్పేవాడు ఏ చట్టం ప్రకారం చెబుతున్నాడో చెప్పకపోతే ఆ తీర్పును ఎలా నమ్మాలి? ఇది చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

ఆ వెతుకులాటలోనే జిజివా దొరికింది. మాటలు వెతకడానికీ నేర్చుకోవడానికీ మైకేల్ థెలెన్ రాసిన ఈ సాఫ్ట్‌వేర్‌ను పోటీ ఆటగాళ్లు చాలా ఏళ్లుగా వాడుతున్నారు. జిజివా అన్నది ఒక పురుగు పేరు. మన బియ్యంలో పట్టే ముక్కుపురుగుకు అమెరికా ఉష్ణప్రాంతాల్లో ఉండే చుట్టం. ఇంగ్లిషు స్పెల్లింగులో మూడు జడ్‌లు, రెండు వైలు, ఒక వి, ఒక ఏ. స్క్రాబుల్ సంచిలో జడ్ ఒక్కటే ఉంటుంది కాబట్టి మిగిలిన రెండు జడ్‌ల కోసం రెండు ఖాళీ బిళ్లలనూ ఖర్చు చేస్తే గాని ఈ మాట కూర్చలేం. మా ఇంట్లోనైతే గుండీతో సహా అన్నమాట. నేను వాడుతున్నది కంప్యూటర్‌లో పెట్టుకునే రూపం. దానికి నేను డబ్బు చెల్లించలేదు, ప్రకటనలు లేవు, ఒకసారి దింపుకున్నాక ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. వెతికే పేజీ పైభాగంలోనే ఏ జాబితాలో వెతుకుతున్నామో కనిపిస్తుంది. నా మొదటి బెంగ అక్కడే తీరిపోయింది.

అసలు విషయం వెతకడం. అక్షరాలిచ్చి మాటలు వెతకడమంటే అంతా ఒకే పని అని నేను మొదట అనుకున్నాను. నిజానికి అందులో మూడు వేరువేరు ప్రశ్నలున్నాయి. ఆర్, ఏ, టి అనే మూడు అక్షరాలు తీసుకుందాం. వీటితో మాత్రమే, మరేదీ కలపకుండా ఏయే మాటలు తయారవుతాయి అన్నది ఒక ప్రశ్న. ర్యాట్, ఆర్ట్, టార్ వంటివి దానికి జవాబు. ఈ మూడూ ఏ వరుసలోనైనా, ఎక్కడో ఒకచోట ఉండే మాటలేవి అన్నది రెండో ప్రశ్న. వాటర్, హార్ట్, చార్ట్ అందులోకి వస్తాయి. ఈ మూడూ ఇదే వరుసలో పక్కపక్కనే ఉండే మాటలేవి అన్నది మూడో ప్రశ్న. కరాటే, పైరేట్, సెపరేట్ దానికి సరిపోతాయి. స్క్రాబుల్‌లో చేతిలో ఉన్న బిళ్లలతో ఆడేవారికి మొదటి ప్రశ్న కావాలి, దాగి ఉన్న ఐదక్షరాల మాటను ఊహించే వర్డల్ ఆడేవారికి రెండోది కావాలి, బోర్డు మీద ఇప్పటికే ఉన్న మాటను ముందుకో వెనక్కో పొడిగించాలనుకునేవారికి మూడోది కావాలి. నేను చూసిన ఫోను యాప్‌లలో ఎక్కువ భాగం ఒకే గడి పెట్టి, ‘అక్షరాలు ఇవ్వండి’ అని మాత్రమే అడిగి, ఈ మూడింటిలో ఏదో ఒకదానికి తమ ఇష్టప్రకారం జవాబిస్తాయి. జిజివా ఈ మూడింటినీ మూడు వేర్వేరు షరతులుగా విడదీసింది. ప్రశ్నార్థకం పెడితే ఏదో ఒక అక్షరం, నక్షత్రం గుర్తు (*) పెడితే ఎన్ని అక్షరాలైనా అని అర్థం. ఒకదాని కింద ఒకటిగా ఎన్ని షరతులైనా చేర్చుకోవచ్చు, చాలా షరతులను ‘కాదు’ అని తిప్పివేయవచ్చు.

ఆ ‘కాదు’ అనే చిన్న గడి ఎంత విలువైనదో చెప్పాలి. స్క్రాబుల్‌ను రూపొందించిన ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే అమెరికన్ ఆర్కిటెక్ట్ 1930లలో పత్రికల పేజీలలో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తున్నదో లెక్కపెట్టి, ఆ లెక్క ఆధారంగా బిళ్లల సంఖ్యనూ విలువలనూ నిర్ణయించాడు. అందుకే ఇ బిళ్లలు 12, క్యూ బిళ్ల ఒక్కటే. దాని విలువ 10. అయితే యు బిళ్లలు నాలుగే ఉంటాయి. క్యూ వచ్చాక యు కోసం ఎదురుచూస్తూ నాలుగైదు వంతులు పోగొట్టుకోవడం మా మామయ్యగారికి పరిపాటి. క్యూ తరువాత యు లేకుండా ఇంగ్లిషులో మాట ఉండదని ఆయన బడిలో నేర్చుకున్నారు; నేనూ అలాగే నేర్చుకున్నాను. ఒక సాయంత్రం ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని రెండు షరతులు పెట్టాను: క్యూ ఉండాలి, యు ఉండకూడదు. మీట నొక్కగానే తెర నిండింది. మొట్టమొదట కనబడినది చైనా వైద్యంలో ప్రాణశక్తి అనే అర్థమున్న ‘చీ’, క్యూ, ఐ అనే రెండే అక్షరాలు. దాని కిందకు దిగుతూ పోతే ఫకీర్, తలాక్, నికాబ్, వక్ఫ్, కిబ్లా, కవ్వాల్, కవ్వాలీ.

మామయ్యగారు తెరకు దగ్గరగా జరిగి ఒక్కొక్క మాటా పైకి చదవడం మొదలుపెట్టారు. సర్వీసులో సగం ఆయన ఉర్దూ మాట్లాడే సహోద్యోగుల మధ్య గడిపారు. చార్మినార్ చుట్టూ ఒక గంట నడిస్తే చెవిన పడే మాటలు కొన్ని ఇంగ్లిషు జాబితాలో, అదీ అందరూ కష్టమనుకునే చోట, వరుసగా నిలబడి ఉన్నాయి. కారణం లేకపోలేదు: అరబీలో గొంతు లోపలి నుంచి పలికే ‘ఖాఫ్’ అనే అక్షరాన్ని ఇంగ్లిషులో రాసేటప్పుడు క్యూ వాడుతారు, అక్కడ పక్కన యు అవసరం లేదు. లండన్‌లోనో సిడ్నీలోనో ఆడేవారు ఈ మాటలను అర్థం తెలియకుండా బట్టీ పట్టాలి. హైదరాబాదు ఆటగాడికి ఇవి పుట్టినప్పటి నుంచి చెవిలో ఉన్నవే. ఆటలో చెల్లుతాయని తెలియకపోవడమే లోటు. ఈ సాఫ్ట్‌వేర్ నాకు చేసిన మేలు ఏదంటే ముందుగా ఇదే చెబుతాను.

ఆ తరువాత మేము ముగ్గురం మన మాటల కోసం పనిగట్టుకుని వెతికాం. సంజ్ఞానామాలు చెల్లవు కనుక హైదరాబాద్ లేదు, చార్మినార్ లేదు. గోల్కొండ మాత్రం ఉంది! ఊరి పేరుగా కాదు, తరగని సంపదకు మూలం అనే అర్థంలో, చిన్న అక్షరంతో మొదలయ్యే సామాన్య నామంగా. వజ్రాలు దొరికింది కృష్ణా తీరపు గనుల్లోనైనా వ్యాపారం గోల్కొండలో జరగడం వల్ల ఆ పేరే ఇంగ్లిషులో సంపదకు పర్యాయపదమైంది. నిజాం ఉంది, జడ్ ఉండటం వల్ల ఐదక్షరాలకే 16 పాయింట్లు. లక్ష, కోటి అనే అర్థాలలో మనం వాడే ల్యాక్, క్రోర్ ఉన్నాయి. దోసె ఉంది. మన పందికొక్కు ఇంగ్లిషులోకి వెళ్లి బ్యాండికూట్ అయి ఆస్ట్రేలియాలో వేరే జంతువుకు పేరు పెట్టించుకున్న సంగతి చాలామందికి తెలుసు గాని, తొమ్మిదక్షరాల ఆ మాట జాబితాలో కనిపించినప్పుడు పిల్లవాడు చప్పట్లు కొట్టాడు.

బిర్యానీ కథ మాత్రం వాడికి బాధ కలిగించింది. ఒక ఆటలో వాడి ముందున్న ఏడు బిళ్లలు ఏ, బి, ఐ, ఐ, ఎన్, ఆర్, వై. ఐలు రెండున్నాయని విసుక్కుంటూ మూడక్షరాల మాటేదో వేసి ఊరుకున్నాడు. వాడి వంతుల్లో ఏ బిళ్లలున్నాయో కాగితం మీద రాసుకునే అలవాటు ఉండటంతో, ఆట అయ్యాక ఆ ఏడింటినీ జిజివాలో కొట్టాం. వీధి చివర బోర్డు మీద వాడు రోజూ చదివే మాటే వచ్చింది. ఏడు బిళ్లలూ ఒకేసారి వేస్తే అదనంగా వచ్చే 50 కలిపి, గడుల గుణింపు లేకుండానే 62 పాయింట్లు. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "పిన్నీ, కళ్ల ముందున్నా కనబడలేదు" అన్నాడు.

కనబడకపోవడానికి కారణం కలగాపులగంగా ఉన్న అక్షరాల నుంచి మాటను పోల్చుకోవడం అలవాటు లేకపోవడం. కంప్యూటర్ ఈ పనిని చేసే పద్ధతి తెలుసుకుంటే మనిషి చేసుకోవలసిన సాధన కూడా తెలుస్తుంది. జాబితాలోని ప్రతి మాట అక్షరాలనూ ఏబీసీడీల వరుసలో పేర్చితే, ఒకే అక్షరాలున్న మాటలన్నింటికీ ఒకే వరుస వస్తుంది. మనం ఇచ్చిన బిళ్లలనూ అలాగే పేర్చితే రెండు వరుసలను పోల్చడమే మిగులుతుంది. ఏ, ఇ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టి అనే ఒక్క వరుస కింద రిటైన్స్, నాస్టియర్, రెటీనాస్, స్టెయినర్ వంటి మాటలు గుంపుగా ఉంటాయి. జిజివాలోని క్విజ్ సరిగ్గా ఇలాగే వరుసగా పేర్చిన అక్షరాలను చూపి మాటలు అడుగుతుంది. పోటీ ఆటగాళ్లు తమ ముందున్న బిళ్లలను అదే వరుసలో పేర్చుకుని చూసుకోవడం వెనుక ఉన్న రహస్యం కూడా ఇదే.

ఆ క్విజ్‌కు అనుబంధంగా కార్డుల పెట్టె అనే ఏర్పాటు ఉంది. సరిగా చెప్పిన మాట ఎక్కువ రోజుల తరువాత, తప్పు చెప్పిన మాట త్వరగా మళ్లీ ముందుకు వస్తుంది. పదో తరగతి పిల్లలకు పాఠాలు గుర్తుపెట్టుకోవడానికి కూడా పనికొచ్చే పద్ధతి ఇది. మామయ్యగారు మాత్రం కంప్యూటర్ క్విజ్ జోలికి పోకుండా, 127 రెండక్షరాల మాటలను రూళ్ల నోటుబుక్కులో తన ముత్యాల్లాంటి దస్తూరీతో రాసుకుని, రోజుకు ఐదు చొప్పున చదువుకున్నారు. అందులో వి ఉన్న మాట ఒక్కటీ లేదని పట్టుకున్నది ఆయనే.

వెతికిన ఫలితాల పక్కన ఇంకొక ఉపకారం ఉంది. ప్రతి మాటకు ముందు ఏ అక్షరం చేర్చితే కొత్త మాట అవుతుందో ఎడమవైపునా, వెనుక ఏది చేర్చితే అవుతుందో కుడివైపునా చూపుతుంది. మా గొడవకు మూలమైన ‘జో’నే తీసుకుంటే ముందు ఏ, డి, వెనుక ఏ, ఓ, ఎస్ వంటివి చేరుతాయి. బోర్డు నిండిపోయాక ఒక్క అక్షరం తగిలించి కొత్త వరుస తెరవడం ఆటలో సగం నైపుణ్యం. ఈ రెండు నిలువు వరుసలు దాన్ని చూపినంత స్పష్టంగా మరేదీ చూపదు. అర్థాలు మాత్రం ఒక్క ముక్కలోనే ఉంటాయి. లోతుగా కావాలంటే నిఘంటువు తెరవాలి. మేము చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లినప్పుడు అక్కడి పెద్ద నిఘంటువుల్లో చూసుకుంటాం.

ఇంట్లో శాంతికి ఎక్కువగా తోడ్పడినది పద న్యాయమూర్తి అనదగిన భాగం. ఒక వంతులో ఏర్పడిన మాటలన్నింటినీ కొడితే ఆ వంతు చెల్లుతుందా లేదా అని మాత్రమే చెబుతుంది. వాటిలో తప్పు మాట ఏదో చెప్పదు. పోటీల్లో ఇలాగే జరుగుతుంది. తప్పు ఏదో చెప్పేస్తే మిగిలినవన్నీ సరైనవని ఎదుటివారికి ఉచితంగా తెలిసిపోతుంది కదా. ఆట నడుస్తున్నంతసేపూ ఈ ఒక్క భాగం తప్ప మరేదీ తెరవకూడదని మేము నియమం పెట్టుకున్నాం. బిళ్లలు చేతిలో ఉండగా వెతికే పేజీ తెరిస్తే అది ఆట కాదు, ఎదుట కూర్చున్న మనిషిని అవమానించడం. ఈ విషయంలో నేను మెత్తబడను.

వర్డల్ కోసమే వెతికేవారు ఈ సాఫ్ట్‌వేర్ తీసుకోవలసిన పని లేదు. తార్నాక నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో వెళ్లేటప్పుడు నేను రోజూ వర్డల్ ఆడుతాను. ఇల్లు చేరాక, ఆ రోజు నాకు తట్టని మాటల కోసం జిజివాలో చూడటం కొన్నాళ్లు చేశాను. ఫలానా అక్షరం ఉండాలి, ఫలానా చోట ఉండకూడదు, ఫలానావి అసలే ఉండకూడదు అనే షరతులన్నీ ఇందులో చక్కగా కుదురుతాయి. చిక్కు వేరే ఉంది. కాలిన్స్ జాబితాలో ఐదక్షరాల మాటలు దాదాపు 13 వేలు. జాష్ వార్డల్ 2021లో ఆ ఆటను విడుదల చేయకముందే, ఆయన భాగస్వామి పాలక్ షా తనకు తెలిసిన మాటలను ఏరి జవాబుల జాబితాను సుమారు 2,500కు కుదించారు. కాబట్టి జిజివా ఇచ్చే పొడవైన జాబితాలో అధిక భాగం వర్డల్‌లో ఎన్నడూ జవాబుగా రాని అరుదైన మాటలే. ఇది లోపమని నేననను. స్క్రాబుల్ పోటీల కోసం తయారైన పనిముట్టు స్క్రాబుల్ ప్రపంచాన్నే చూపుతుంది. అక్షరాలు ఎన్నిసార్లయినా వాడుకోనిచ్చే స్పెల్లింగ్ బీ వంటి ఆటలకైతే, మాట పూర్తిగా ఫలానా అక్షరాలతోనే ఉండాలి అనే మరొక షరతు పనికొస్తుంది.

తెర అంతా ఇంగ్లిషులోనే ఉంటుంది, షరతుల పేర్లు మొదటి రోజున కొరుకుడు పడవు. నాకు ఒక సాయంత్రం పట్టింది, పిల్లవాడికి పది నిమిషాలు పట్టింది. మొదటిసారి తెరిచేవారు జాబితా కాలిన్స్‌దే ఎంచుకున్నామా అని చూసుకుని, రెండక్షరాల మాటలన్నీ ఒకసారి తీసి, ఆ తరువాత క్యూ ఉండి యు లేనివి తీయండి. ఆ రెండు కాగితాలు ముద్రించుకుంటే చాలు, ఇంటి ఆటలో తేడా మొదటి వారమే కనిపిస్తుంది. మా రెండు కాగితాలూ బోర్డు పెట్టె మూత లోపలి వైపు అతికించి ఉన్నాయి.

పోయిన ఆదివారం మామయ్యగారికి మళ్లీ క్యూ వచ్చింది. యు బిళ్లలు నాలుగూ అప్పటికే బోర్డు మీద ఉన్నాయి. ఆయన కాసేపు మౌనంగా ఉండి, బోర్డు మీదున్న ఏను ఆధారం చేసుకుని డబ్ల్యూ, క్యూ, ఎఫ్ పెట్టి ‘వక్ఫ్’ అన్నారు. పిల్లవాడు కంప్యూటర్ వైపు చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుని, కాగితం మీద 19 అని రాసుకున్నాడు.